కెంచ పళ్ళు, సుంకన్న తువ్వాలు

బళ్ళారి దగ్గరి సండూరు గురించి రాసినవాళ్ళు కొండల గురించి రాశారు, గుళ్ళ గురించి రాశారు, గనుల గురించి రాయక తప్పదు గనక రాశారు. ఆ ఊళ్ళో మనిషి కూర్చునే ముందు కుర్చీ దులుపుతాడన్న సంగతి మాత్రం ఏ చరిత్రకారుడి కంటా పడలేదు. శాసనాల్లో లేదు, గెజిటీర్లలో లేదు. కానీ ఇనుప ఖనిజం లారీలెక్కి రోడ్డున పడి ఊరంతా ఎర్రదుమ్ము చల్లిన నాటి నుంచీ అక్కడ కూర్చోవడమనేది రెండంచెల వ్యవహారం. మొదటి అంచె దులపడం, రెండోది కూర్చోవడం. మొదటిది చేయకుండా రెండోదానికి దిగినవాడు పరాయి ఊరివాడైనా అయ్యుండాలి, ఆ రోజు ఎర్ర లుంగీ అయినా కట్టుకుని ఉండాలి.

పద్ధతుల్లో శాఖాభేదాలున్నాయి. ఆడవాళ్ళు కొంగుతో దులుపుతారు. ఆఫీసుల్లో ఫైలుతో విసురుతారు. కాలేజీ పిల్లలు నోటితో ఉఫ్‌మని ఊది, ఆ దుమ్మును తామే పీల్చి, దగ్గుతూ కూర్చుంటారు. వీటన్నిటిలోకీ ప్రామాణికమైనది తువ్వాలు సంప్రదాయం. భుజం మీది తువ్వాలును కుడిచేత్తో లాగి, గాల్లో ఒక చుట్టు తిప్పి, కుర్చీ మీద ఫట్ ఫట్‌మని కొట్టి, తిరిగి భుజాన వేసుకుని, అప్పుడు కూర్చోవాలి. ఈ సంప్రదాయంలో ఇప్పటికి మిగిలిన ఘనాపాఠీ సుంకన్న.

సుంకన్న ఖనిజం లారీ డ్రైవరు. డ్రైవరుగా ఉండేవాడు అనాలి. ముత్తాత ఎప్పుడో కర్నూలు వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తాతా తండ్రీ ఇంకొకరి చేలల్లో పనిచేశారు. సుంకన్నకు స్టీరింగు దొరికింది. గనులు జోరుగా నడిచిన కాలంలో నడిపాడు, మూతపడ్డ కాలంలో గోళ్ళు గిల్లుకున్నాడు, తెరిచాక మళ్ళీ నడిపాడు. ఎడమ మోకాలును క్లచ్చుకు సమర్పించుకున్నాడు. నిద్రను మాత్రం ఎవరికి సమర్పించాడో తెలియదు. డ్రైవరుకు నిద్ర శత్రువు. పచ్చిమిరపకాయ కొరికి, మొహాన నీళ్ళు కొట్టుకుని, తనకు రాని పాటలు తనే పాడుకుని దాన్ని తరిమాడు. మోకాలు మొరాయించి ఇంట్లో కూర్చున్నాక, తరిమిన నిద్రను రమ్మంటే అది రాలేదు. కుర్చీలో తల వాలేది. వాలిన మరుక్షణం కుడికాలు బ్రేకు కోసం వెతుక్కునేది. ఉలిక్కిపడి లేచేవాడు. పని లేకుండానే అలసిపోయేవాడు. అలసిన మనిషి ఎలా ఉంటాడో అలాగే ఉండేవాడు: చారులో ఉప్పు తక్కువైతే అరుపు, ఎక్కువైతే అరుపు, సరిపోతే అనుమానం.

ఇంటికి ఇప్పుడు ఆధారం భార్య దుర్గక్క కుట్టుమిషను. ముందుగదిలో మిషను, మిషను చుట్టూ రవికలు, రవికల చుట్టూ వాటి తాలూకు ఆడవాళ్ళు. కనుక పగలంతా సుంకన్న నివాసం వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ. ముందు నుంచి లారీలు పోతాయి. ఒకప్పుడు తను నడిపిన లారీలే, లోపల వేరే వాళ్ళు. అతనితో మాట్లాడేవాళ్ళు తక్కువ. వచ్చే ఆడవాళ్ళు 'దుర్గక్క ఉండాదా?' అని అడుగుతారు, ఉండాది అంటాడు. రోజువారీ సంభాషణ అంతటితో ముగుస్తుంది.

ఇలాంటి రోజుల్లో బండ్రి నుంచి కుక్కపిల్ల వచ్చింది.

బండ్రిలో దుర్గక్క తమ్ముడు భీమేషుకు లారీలు రిపేరు చేసే షెడ్డుంది. ఆ షెడ్డు కుక్క ఈనింది. పిల్లను ఎంచుకోవడానికి వెళ్ళిన సుంకన్న, లారీలవాళ్ళ శాస్త్రం ప్రకారం, వరసగా అన్నిటి ముందూ తువ్వాలు ఆడించి చూశాడు. అన్నీ చూశాయి. ఒకటి మాత్రం ఎగిరి పట్టుకుని వేలాడింది, విదిలించినా వదల్లేదు. 'ఇదీ కుక్కంటే' అని సుంకన్న దాన్నే చంకన పెట్టుకొచ్చాడు. వచ్చేటప్పుడు తెల్లగా ఉంది. వరండాలో కొన్నాళ్ళుండేసరికి ఊరి రంగుకు తిరిగింది. కన్నడంలో ఎర్రనివాణ్ణి పిలిచినట్టు కెంచ అని పేరు పెట్టారు.

కెంచకు పళ్ళున్నాయి. అవి సూదుల్లాంటివి. వాటిని కెంచ వృథాగా ఉంచుకోలేదు. లేచేవాళ్ళ మడమలు, కూర్చునేవాళ్ళ చేతులు, నడిచేవాళ్ళ బట్టల అంచులు, ఏదీ వదల్లేదు. కాలు కదిలితే ఎగిరేది, చెయ్యి లాక్కుంటే వెంటపడేది, అరిస్తే ఇంకా సంబరపడేది. సుంకన్న కొట్టే మనిషి కాడు. తువ్వాలు తీసి ఫట్‌మని విదిలించి బెదిరించేవాడు. కెంచ ఆ తువ్వాలు పట్టుకుని వేలాడేది. వీధివాళ్ళు చేతులకు వేపనూనె రాసుకోమన్నారు. రాసుకున్నాడు. కెంచకు వేపనూనె రుచి నచ్చింది. అలసిపోతే అదే ఊరుకుంటుందని సుంకన్న కుంటుకుంటూ బస్టాండు దాకా తిప్పాడు, బంతి విసిరాడు, మళ్ళీ విసిరాడు. అలసిపోయినవాడు సుంకన్న. కెంచ ఇంటికొచ్చి ఇంకా గట్టిగా కరిచింది.

అయినా దాని మీద అతనికి కోపం రాలేదు. అతను కుర్చీలోంచి లేవడాన్ని ఒక సంఘటనగా భావించే ప్రాణి ఈ ప్రపంచంలో అదొక్కటే.

చిక్కు పద్మశ్రీతో వచ్చింది. ఆమె సహకార సంఘం ఆఫీసులో పనిచేస్తుంది. తమ్ముడి పెళ్ళికని పట్టు రవికగుడ్డలు తెచ్చి దుర్గక్కకు కొలతలిచ్చింది. తీరిగ్గా కూర్చుందామని, ఊరి ఆచారం ప్రకారం, కొంగుతో కుర్చీ దులిపింది. కొంగుకు కుచ్చులున్నాయి. కెంచ వరండాలో నుంచి గడప దాటి కుచ్చుల దాకా మధ్యలో నేల తాకకుండా వచ్చింది.

"తీయ్ దుర్గక్కా, దీన్ని తీయ్ మొదలు!" అని పద్మశ్రీ కుర్చీ మీదెక్కి నిలబడింది. కూర్చోవడానికి వచ్చిన మనిషి అలా నిలబడి కుచ్చులు లెక్కపెట్టుకుని, "నోడు, ఈడ చూడు, రెండు పాయ! ఆదివారం ట్రయలుకు వస్తా. అప్పటికి ఈ కుక్క ఈడ ఉండకూడదు. ఉంటే నీ గడప తొక్కను, బట్ట వాపస్ తీసుకుంటా" అంది.

ఆమె వెళ్ళాక దుర్గక్క మిషను ఆపి వరండాలోకి వచ్చింది. మిషను ఆపిందంటే విషయం పెద్దదని సుంకన్నకు తెలుసు.

"మేడమ్ పోతే మేడమ్ ఒకతే పోదు. ఆఫీసంతా పోతాది. వాళ్ళ అక్కచెల్లెండ్లు పోతారు. నేను తొక్కతాండే మిషను నీ మోకాలు మాదిరి నిలబడిపోతాది."

"చిన్నపిల్ల గదే. పండ్లు జిలపెడతాండాయేమో."

"జిలయితే బండరాయి కొరకమను. పట్టుచీర యాలనంట దానికి? భీమేషుకు ఫోను చేసినా. ఆదివారం బండి తెస్తాడు, ఎక్కించి పంపు."

సుంకన్న కిందికి చూశాడు. కెంచ అతని చెప్పు వారు కొరుకుతోంది. దుర్గక్క కాసేపు చూసింది. ఆమెకూ అలసటగానే ఉంది, అరవడానికి కావలసినంత ఓపిక మిగల్లేదు.

"సరి. మేడమ్ వచ్చి, కూచోని, లేసి పొయ్యేదాకా ఆయమ్మ చీర మీద దీని పన్ను పడకుంటే ఉండనీ. పడిందా, బండ్రికి."

"సరి," అన్నాడు సుంకన్న.

"అంతలోపల అది నోరు కట్టుకోవాల. దాంతోపాటు నువ్వూ కట్టుకుంటే ఇంగా సరి."

మర్నాడు ఇద్దరూ పిల్లను తీసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరు మనోజ్ఞ, బళ్ళారి బ్రూస్‌పేట అమ్మాయి, ఈ మధ్యే వచ్చింది. కెంచను బల్ల మీద పెట్టించి దాని నోరు తెరిచి చూసింది. తెరవడానికి శ్రమ పడలేదు, అది తెరిచే ఉంది.

"యజమాన్రే, ఇంట్లో ఎవరిని కరుస్తుంది?"

"అందర్నీ మ్యాడం. భేదభావం లేదు."

"ఎప్పుడెప్పుడు?"

"కూచునేటప్పుడు."

"మీరు కూచునేటప్పుడా, అది కూచునేటప్పుడా?"

"అది యాడ కూచుంటాది మ్యాడం."

"మీరన్నా కూచోండి," అంది డాక్టరు బెంచీ చూపించి.

సుంకన్న తువ్వాలు లాగాడు. ఒక చుట్టు తిప్పాడు. ఫట్ ఫట్. కెంచ బల్ల మీది నుంచి ఎగిరి తువ్వాలు చివర వేలాడింది. డాక్టరు చూసింది.

"లేవండి. మళ్ళీ కూచోండి."

మళ్ళీ ఫట్ ఫట్. మళ్ళీ కెంచ.

"దీన్ని బెదిరించడానిక్కూడా ఈ తువ్వాలేనా?"

"ఇంగేముండాది మ్యాడం? కొట్టను. ఊరికె ఇట్ల ఇదిలిస్తా," అని విదిలించి చూపించాడు. కెంచ మూడోసారి వేలాడింది.

"అది మీకు బెదిరింపు, దానికి ఆట. మీరు లాగితే అది లాగుతుంది, మీరు విదిలిస్తే ఎగురుతుంది. ఇన్ని దినాలూ మీరు కరవడం నేర్పినారు, అది శ్రద్ధగా నేర్చుకునింది," అంటూ మనోజ్ఞ ఒక ఫైలు తీసి తన కుర్చీని టపటపా దులిపి కూర్చోబోయింది. కెంచ తువ్వాలు వదిలి ఫైలు పట్టుకుంది.

డాక్టరు ఫైలు అట్ట మీద పడ్డ పంటిగాట్లు చూసుకుంది.

"మనందరమూ నేర్పినాము," అని మాట సవరించుకుంది.

తర్వాత చెప్పింది. దులపడాలు, విదిలించడాలు బంద్. పన్ను తగిలిందా, అరవద్దు, చెయ్యి లాక్కోవద్దు, మాను మాదిరి నిలబడిపోవాలి, దాని వైపు చూడకూడదు. ఆగకపోతే మీరే లేచి అవతలి గదిలోకి పోయి తలుపేసుకోవాలి, కాసేపాగి రావాలి. కరిస్తే ఆట అయిపోతుందని దానికి తెలియాలి. కొరకడానికి తడిగుడ్డ ముడేసి ఇవ్వండి, పళ్ళొచ్చే చిగుళ్ళకు చల్లగా ఉంటుంది. ఇంట్లో అందరూ ఒకే తీరుగా చెయ్యాలి.

"అన్నిటికంటే ముఖ్యం నిద్ర. ఎంతసేపు పండుకుంటుంది?"

"పండుకోనిస్తే గదా మ్యాడం. అలిసిపోతే ఊరికుంటాదని బస్టాండు దాకా నడిపిస్తాండా, బంతి ఏస్తాండా."

"పసిబిడ్డ నిద్ర చాలకపోతే ఏం చేస్తుంది? ఏడుస్తుంది. ఇది ఏడవలేదు గనక కరుస్తుంది. అది హుషారు కాదు యజమాన్రే, అలసట. ఈ వయసులో దినంలో ముక్కాలు భాగం నిద్రపోవాలి. కాసేపు ఆడిస్తే చాలు, చీకటిగా ఉండే చోట పడుకోబెట్టండి."

దుర్గక్క అంతవరకూ గోడకానుకుని వింటోంది. "మ్యాడం, మా ఇంట్లో ఇంగొకాయనకూ ఇదే రోగం. నిద్ర సాలక కరుస్తాడు," అంది.

"ఆయనకు నా దగ్గర మందు లేదమ్మా," అంది మనోజ్ఞ.

అలా ఆ వారం సండూరులో ఒక సంప్రదాయానికి విఘాతం కలిగింది. భుజాన తువ్వాలు లేని సుంకన్నను చూసి వీధిలో ఎవరో పోయారనుకున్నారు. కూర్చోబోయే ప్రతిసారీ అతని కుడిచెయ్యి భుజం మీదికి పోయి, అక్కడేమీ దొరక్క, మెడ గోక్కుని తిరిగొచ్చేది. దులపని కుర్చీలో కూర్చోవడం అతనికి పరాయి ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టుండేది. పంచెలన్నిటికీ వెనకవైపు, ఒకే చోట, ఎర్రటి ముద్ర పడింది, సర్కారు ముద్రలాగా.

కరిస్తే మానులా నిలబడమన్న నియమాన్ని అతను నిష్ఠగా పాటించాడు. వరండా మధ్యలో చేతులు కట్టుకుని, రోడ్డవతల కొండను చూస్తూ నిలబడేవాడు. కాలి దగ్గర కెంచ తన పని తను చేసుకునేది.

"ఏందప్పా సుంకన్నా, ఎవరికోసం చూస్తాండావు?" అనేవాళ్ళు పోయేవాళ్ళు.

"ఎవరికోసమూ లేదప్పా. కరిపించుకుంటాండా."

ఫలితం లేకపోలేదు. స్పందన లేని కాలు కెంచకు విసుగు పుట్టించింది. పట్టిన పిక్కను త్వరగా వదిలేది. వదిలి, కాసేపు సుంకన్న మొహంలోకి చూసి, తడిగుడ్డ ముడి దగ్గరికి పోయేది. అప్పుడు సుంకన్న గొంతు తగ్గించి మెచ్చుకునేవాడు. గొంతు తగ్గించడం అతనికి కొత్త. లోపలి నుంచి దుర్గక్క మిషను ఆపి విని, నిజమేనని రూఢి చేసుకుని, మళ్ళీ తొక్కేది.

అయితే ఊరు మానలేదు. వచ్చినవాళ్ళంతా దులుపుతున్నారు. దుమ్ము లేకపోతే దులపరు గదా అని సుంకన్న తడిబట్టతో కుర్చీలు తుడవడం మొదలుపెట్టాడు. అవి అద్దాల్లా మెరిశాయి. వచ్చినవాళ్ళు మెరుస్తున్న కుర్చీని చూసి, ఆశ్చర్యపోయి, దులిపి కూర్చున్నారు. దుమ్ముకూ దులపడానికీ సంబంధం ఎప్పుడో తెగిపోయిందని అతనికి అప్పుడర్థమైంది. కొంగు ఆడిన ప్రతిసారీ కెంచ చెవులు నిక్కేవి. కొన్నిసార్లు ఆగేది. కొన్నిసార్లు ఆగేది కాదు.

నిద్ర ఇంకా కష్టమైంది. వెనకగది చీకటిగా ఉంటుంది, జొన్నల బస్తాలుంటాయి. అక్కడ గోనెసంచి పరిచాడు. ఒక్కదాన్నే వదిలితే కెంచ తలుపు గీరేది. కాబట్టి తనూ పక్కన చాపేసుకుని ఒరిగి, దాని డొక్క మీద చెయ్యేసి ఉంచేవాడు. అది మెల్లగా నిద్రపోయేది. అప్పుడతను శ్వాస బిగబట్టి లేచేవాడు. మోకాలు టప్‌మనేది. కెంచ లేచేది.

ఆదివారం అనుకున్నదాని కంటే ముందే వచ్చినట్టనిపించింది. పొద్దెక్కేసరికి గుమ్మం ముందు భీమేషు పికప్ వ్యాన్ ఆగింది. తాడు చేత్తో పట్టుకునే దిగాడు.

"అక్కా, కాఫీ పెట్టు. ఏంది బావా, పంచె ఎనక అంత ఎర్రగ? ఇనప కొండ మింద జారినావా?" అంటూ జేబురుమాలు తీసి కుర్చీ దులిపాడు. కెంచ రానే వచ్చింది. భీమేషు మురిసిపోయి చెయ్యి దాని నోట్లోనే పెట్టి అటూ ఇటూ ఊపాడు. "చూడక్కా పట్టు! ఈడ ఖాళీపీలీ, ఊరికె ఏస్టయితాండాది. షెడ్లో ఇనుము ఎత్తకపొయ్యేటోళ్ళకు ఇట్లాంటిదే కావాల!"

"వదులప్పా భీమేషూ. దాన్ని రేపొద్దు," అన్నాడు సుంకన్న.

"రేపేదేముంది బావా, పులి మాదిరి ఉండాది!"

పులి అప్పటికి చేతులు దాటిపోయింది. కుర్చీ కింద నుంచి దూరి, లైనింగు బట్టల చుట్టల మీదుగా దూకి, వరండాలో గుండ్రంగా తిరిగి, మళ్ళీ లోపలికి వచ్చి, ఎవరినీ చూడకుండా అందరినీ అందుకోబోయింది. దాని కళ్ళ అంచులు ఎర్రబడ్డాయి. సుంకన్నకు ఆ చూపు తెలుసు. నిద్రను ఆపుకుంటున్న చూపు. లారీ అద్దంలో చాలాసార్లు చూశాడు.

"మేడమ్ బయల్దేరిందంట," అంది దుర్గక్క ఫోను పెట్టేసి. ఆ మాట ఆమె మామూలుగానే అంది. వ్యాన్ వైపు చూసింది, సుంకన్న వైపు చూడలేదు.

సుంకన్న నిలబడ్డాడు. కెంచ వచ్చి పిక్క పట్టింది. అతను కదల్లేదు. అది వదిలేదాకా ఆగి, వంగి, నెమ్మదిగా ఎత్తుకుని వెనకగది వైపు నడిచాడు.

"యాడికి బావా? తాడు ఈడుండాది."

"కొంచేపు పండుకోనీ. తర్వాత తీసకపోదువులే," అన్నాడు. ఓడిపోయిన మనిషి గొంతులా లేదు, ఉత్త అలసిన మనిషి గొంతులా ఉంది. ఇంట్లో ఆ గొంతును అంతకుముందు ఎవరూ వినలేదు, ఎప్పుడూ పైన అరుపు ఉండేది గనక.

తలుపు దగ్గరికి వేశాడు. చాప మీద ఒరిగాడు. కెంచ తడిగుడ్డ కాసేపు నమిలింది, అతని బొటనవేలు కాసేపు నమిలింది. డొక్క ఎగిరెగిరి పడుతోంది. చెయ్యి దాని మీద వేసి ఊరుకున్నాడు. ముందుగది గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పద్మశ్రీ గొంతు. దుర్గక్క "రండి మేడమ్" అనడం. లేచి వెళ్ళి తలుపుకు కాపలా ఉండాలనుకున్నాడు. కానీ లేస్తే మోకాలు టప్‌మంటుంది. కెంచ లేస్తుంది. అవతల కొంగు కుర్చీని తాకిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. చేతికింద కెంచ చెవి ఒక్కటి కదిలింది, మళ్ళీ వాలింది. అవతల ఏం జరుగుతుందో ఇంకా బాగా వినబడుతుందని సుంకన్న కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి కిటికీ వెలుగు ఈ గోడ నుంచి ఆ గోడకు మారింది. చెయ్యి తిమ్మిరెక్కింది, కెంచ దాని మీదే నిద్రపోతోంది. కుడికాలు బ్రేకు వెతక్కుండా ఎక్కడ పెట్టినది అక్కడే ఉంది. అతను చెయ్యి లాక్కుని, మోకాలు టప్‌మనిపించుకుని లేచాడు. కెంచ కదల్లేదు.

ముందుగదిలో దుర్గక్క ఒక పట్టు రవిక ఒళ్ళో వేసుకుని కుట్లు విప్పుతోంది. భీమేషు లేడు. గుమ్మం ముందు వ్యాన్ లేదు.

"భీమేషు యాడ?"

"పాయ. తాడు పట్టుకోని తలుపు తీసి చూసె. ఇద్దరూ పండుకోనుండారు, లేపొద్దులే అంటి."

"మేడమ్?"

"వచ్చె, దులిపె, కూచునె, పాయ. కుక్కను పంపించినారా అని అడిగె. లోపల పండుకోనుండాది, పట్టుచీరల జోలికి రాదులే మేడమ్ అంటి. అంతలో గురక వినబడె. అది కుక్కదా అని అడిగె."

"నువ్వేమంటివి?"

"అవునంటి."

సుంకన్న కుర్చీ దగ్గరికి వెళ్ళి, దులపకుండా కూర్చున్నాడు. "అయితే ఉంటాది గదా?"

"ఎవరు?" అని దుర్గక్క రవికను వెలుగులోకి ఎత్తి చూసింది. "ఉండనీ. సద్దు చెయ్యాకు, అది లేస్తాది."

రవికకు చేతులు బిగుతుగా వచ్చాయి. వదులు చేయించుకోవడానికి పద్మశ్రీ బుధవారం మళ్ళీ వస్తుంది.